సార్కా బిళ్లల ఆఖరి వాయి

"నోరు తెరిచి చూపించండి," అంది ఇన్‌స్పెక్టర్ సైమి కివెల.

డాక్టర్ శవం దవడ కింద రెండు వేళ్లు ఆనించి నోరు తెరిచాడు. టార్చి వేశాడు. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలైంది. హీతాసారి ఊరి ఆసుపత్రి శవాగారంలో వాళ్లిద్దరే ఉన్నారు. బల్ల మీద అరవై తొమ్మిదేళ్ల వైనో సార్కా ఉన్నాడు.

సైమి వంగి చూసింది. నమ్మకం కుదరక ఇంకోసారి చూసింది.

"నాలుక పాలిపోయి ఉంది."

"పోయినవాళ్ల నాలుక పాలిపోక ఎలా ఉంటుంది?"

"నల్లగా లేదు డాక్టర్."

డాక్టర్ చేతిలో టార్చి కదల్లేదు. ఆయనా ఆ ఊళ్లో పుట్టినవాడే. ఆమె మాటకి అర్థం ఆయనకి విడమరిచి చెప్పక్కర్లేదు.

నలభై నాలుగేళ్లు వైనో ఆ ఊరి ఉప్పు బిళ్లలు వండాడు. అతిమధురం పాకంలో నవాసారం అనే ఉప్పు కలిపి, బొగ్గులా నల్లబడేదాకా కాచి, ఆరాక ముక్కలు కోసేవాడు. వాటినే ఊరంతా సార్కా బిళ్లలంటారు. పాకం కాగుతున్నంతసేపూ పావుగంటకోసారి రుచి చూడటం ఆయన అలవాటు. చూసి చూసి నాలుక తారులా తయారయ్యేది. అది తెల్లబడింది ఈ వేసవి తర్వాతే. గ్రాన్‌మెర్ అనే విదేశీ మిఠాయి కంపెనీ వైనో ఫ్యాక్టరీని కొని, కొన్న ఆరో నెలలో తాళం వేసింది. ఊళ్లో ప్రతి దుకాణంలోనూ సార్కా బిళ్లలుండే అరలోకి ఆ కంపెనీ ఊదారంగు జెల్లీలు వచ్చి కూర్చున్నాయి.

సైమి జేబులోంచి ఒక కాగితం తీసింది. కంపెనీ భద్రతాధికారి తౌనో రంతల రాసిచ్చిన వాంగ్మూలం అది. తలుపు అలారం ప్రకారం పదకొండు గంటల పది నిమిషాలకి వైనో తన దగ్గరున్న పాత తాళంచెవితో పక్క తలుపు తీసుకుని ఫ్యాక్టరీలోకి దూరాడు. దొంగతనంగా ఒక వాయి వండబోయాడు. వండుతుండగా గుండె ఆగి పడిపోయాడు. పొగగొట్టంలోంచి ఆవిరి రావడం చూసి పాత ఉద్యోగిని ఇర్మా లోపలికి వెళ్లింది, పన్నెండూ యాభైకి పోలీసులకి ఫోన్ చేసింది.

"ఎన్నింటికి పోయాడు?" అని అడిగింది సైమి.

"పన్నెండు దాటాక. ఓ పది నిమిషాలు అటూ ఇటూ."

"గుండెపోటేనా?"

"అందులో అనుమానం లేదు. కానీ పడగానే పోలేదు." డాక్టర్ శవం తలని కొంచెం పక్కకి తిప్పాడు. ఎడమ చెంప మీద నేల పలకల మధ్య ఉండే గీతలు అచ్చు గుద్దినట్టున్నాయి. "ఊపిరితిత్తుల నిండా నీరు చేరింది. దానికి టైం పడుతుంది. ముప్పావుగంట కొట్టుకున్నాడనుకో. అంతసేపూ ఇలా ఒక పక్కకే పడున్నాడు."

"ఆ ముప్పావుగంటలో తెచ్చుంటే?"

"ఆ ఫ్యాక్టరీ ఇక్కడికి తొమ్మిది నిమిషాలు," అన్నాడు డాక్టర్. గుడ్డ కప్పేశాడు.

* * *

నాలుగింటికి సైమి ఫ్యాక్టరీ వంటగదిలోకి అడుగుపెట్టింది. తౌనో రంతల అప్పటికే అక్కడున్నాడు. కాగితపు కప్పులో కాఫీ పట్టుకుని రాగి గంగాళానికి చేరగిలబడి నిలబడ్డాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆయన సైమికి పై అధికారి. పోలీసు ఉద్యోగం వదిలి కంపెనీలో చేరి ఏడాదైంది. కోటు మారింది కానీ నిలబడే తీరు మారలేదు.

"రా అమ్మాయ్. గుండెపోటు కేసుకి రెండోసారి రావడం నీకే చెల్లింది."

"దూరం జరగండి సార్. మీరు ఆనుకున్నది సాక్ష్యం."

"ఏం సాక్ష్యం? ముసలోడు చచ్చేముందు పాకం వండుకున్నాడన్న సాక్ష్యమా?" అంటూనే జరిగాడు.

సైమి గదంతా ఒకసారి చూసింది. గంగాళం ఖాళీ. పక్కన పొడవాటి ఇనప బల్ల మీద పోసిన పాకం గట్టిపడి నల్లటి చాపలా మెరుస్తోంది. దాని అంచున చాకుతో ముక్కలు కోసిన గుర్తులున్నాయి. గంగాళం మీద కలిపే మోటారు ఉండాల్సిన చోట నాలుగు బోల్టు రంధ్రాలే మిగిలాయి.

"మోటారేదీ?"

"కొత్త ఫ్యాక్టరీకి పోయింది. పోయిన నెలలోనే."

"అయితే చేత్తో కలపాలి." గోడకి ఆనించిన ఓక్ కర్ర తెడ్డుని చూపించింది. ఆరడుగులుంది. శుభ్రంగా కడిగి పెట్టారు. "వైనోకి రెండేళ్ల కిందట గుండెకి ఆపరేషన్ అయింది. ఆ తెడ్డు లేపగలడా?"

"లేపబోయే పోయాడు."

"పోయాక లేచి, పాకం బల్ల మీద పోసి, తెడ్డు కడిగి, మళ్లీ పడుకున్నాడా?"

తౌనో కాఫీ ఒక గుక్క తాగాడు. "ఇర్మా పోసుంటుంది. పాడైపోతుందని."

"ఒక వాయికి ఎంతసేపు పడుతుందో తెలుసా సార్?"

"నేనేం వంటవాణ్ణా?"

"నాలుగు గంటలు. మా అమ్మ ఇక్కడే పొట్లాలు కట్టింది. బడి అయ్యాక నేను ఆ మెట్ల మీదే కూర్చునేదాన్ని. పదకొండూ పదికి పొయ్యి వెలిగిస్తే మూడూ పదికి దిగాలి. నేను ఇక్కడికి మొదటిసారి వచ్చింది ఒకటిన్నరకి. అప్పటికే ఇది బల్ల మీద గట్టిపడి ఉంది."

"చిన్న వాయేమో. తొందరగా అయిపోయుంటుంది."

సైమి తలుపు వెనక గోడకి బిగించిన ఇత్తడి పెట్టె దగ్గరికి వెళ్లి మూత తీసింది. లోపల గడియారం ముల్లులాంటి సూది, దాని కింద గుండ్రటి కాగితం. ఆ కాగితం రోజుకో చుట్టు తిరుగుతుంది. బాయిలర్ ఆవిరి ఎప్పుడు లేచిందో, ఎప్పుడు తగ్గిందో సిరా గీతే చెబుతుంది. కంప్యూటర్లన్నీ ఊడదీసి పట్టుకెళ్లినవాళ్లకి దీన్ని ఇంకా ఎవరో కీ ఇచ్చి తిప్పుతున్నారన్న ఆలోచనే వచ్చి ఉండదు.

"ఇవాళ పొద్దున ఎనిమిదీ అయిదుకి లేచింది," అని గీత మీద వేలు పెట్టకుండా చూపించింది. "పన్నెండూ అయిదుకి పడిపోయింది. సరిగ్గా నాలుగు గంటలు. వైనో తలుపు తీసింది పదకొండూ పదికని మీరే రాశారు. మూడు గంటల ముందు పొయ్యి వెలిగించింది ఎవరు సార్?"

"అది కంపెనీ ఆస్తి. కోర్టు కాగితం లేకుండా ముట్టుకోకు."

"ఇది శవం దొరికిన గది. ఇక్కడ మీ కంపెనీకి కుర్చీ కూడా లేదు." కాగితాన్ని కవర్లో పెట్టి సీలు వేసింది. తర్వాత తొట్టి కింద ఉన్న చెత్తబుట్ట ముందుకి లాగింది.

తౌనో బిగ్గరగా నవ్వాడు. "చెత్త కెలుకుతావా? నా పరువు తీస్తున్నావు. నా దగ్గర నేర్చుకున్నది ఇదేనా?"

"ఇదే. ముందు చెత్తబుట్ట చూడమన్నది మీరే."

కాఫీ పొడి, రబ్బరు చేతి తొడుగులు, వాటి కింద ఉండచుట్టిన కాగితపు రుమాలు. సైమి పట్టకారుతో రుమాలు విప్పింది. నల్లటి ముక్క, సగం కొరికినది. పంటిగాట్లు స్పష్టంగా ఉన్నాయి. చుట్టూ ఉమ్మి నల్లగా ఆరింది.

సైమి రుమాలుని ఇంకో కవర్లో వేసింది.

"కొరికి ఉమ్మేశారు," అంది సైమి.

"వైనో..."

"వైనో నాలుక చూసే వచ్చాను. ఆయన ఇవాళ దీన్ని నోట్లో పెట్టుకోలేదు. ఇర్మా అయితే ఉమ్మదు. నువ్వూ ఉమ్మవు. ఈ ఊళ్లో దీన్ని ఉమ్మే నోరు పుట్టలేదు. మీ డైరెక్టర్ హేల్‌ది ఏ ఊరు?"

ఆమె నోట 'నువ్వు' అన్న మాట తౌనో మొదటిసారి విన్నాడు. కప్పు పక్కన పెట్టాడు.

"లండన్. అయితే?"

"ఎప్పుడొచ్చాడు?"

"మేమిద్దరం పన్నెండుకి హెల్సింకీలో బయల్దేరాం. మూడింటికి ఇక్కడున్నాం. రాసిచ్చాను. చదవడం రాదా?"

"చదివాను. ఈ ఉమ్మి ఎవరిదో ల్యాబ్ వాళ్లు కూడా చదువుతారు."

తౌనో దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. "విను. ఇద్దరు మనవలతో సంబంధాల్లేని, ఉన్న ఒక్క పనీ పోయిన ముసలోడు చచ్చాడు. వచ్చే నెల చచ్చేవాడు ఇవాళ చచ్చాడు. దీనికోసం నీ ఉద్యోగం మీదకి తెచ్చుకోకు. నీకింకా పదిహేనేళ్ల సర్వీసుంది."

"ముప్పావుగంట, తౌనో. ఈ నేల మీద ముప్పావుగంట ఉన్నాడు ఆయన. అప్పుడు నువ్వెక్కడ నిలబడ్డావు? ఇక్కడా? కిటికీ దగ్గరా?"

ఆయన ఫోన్ తీసి ఎవరికో చేస్తూ బయటికి నడిచాడు.

* * *

ఇర్మా ఇంటి తలుపు తీసేసరికి అయిదుంపావైంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఇరవై ఆరేళ్లు ఆ వంటగదిలో వైనోకి కుడిచెయ్యి. సైమి తల్లితో కలిసి పనిచేసినామె. సైమికి చిన్నప్పట్నుంచీ పిన్నే.

"కాఫీ పెడతాను కూర్చో," అంది. కెటిల్ పిడిని మణికట్టుల మధ్య ఇరికించి ఎత్తింది.

"చేతులు చూపించు పిన్నీ."

"ఏం చేతులు?"

"చూపించు."

ఇర్మా కెటిల్ దించి అరచేతులు తెరిచింది. రెండు చేతుల నిండా బొబ్బలు. కొన్ని చిట్లి చర్మం ఊడొచ్చింది. గోళ్ల కింద నలుపు.

"వైనో చేతులు పసిపిల్లాడి చేతుల్లా ఉన్నాయి," అంది సైమి. "నాలుక కూడా. ఇప్పుడు నీ నాలుక చూపించమంటావా?"

ఇర్మా కుర్చీలో కూలబడింది. సైమి బల్ల మీద రికార్డర్ పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది.

"అది తీసెయ్. తీసేస్తే చెబుతాను. లేకపోతే నా పీక కోసినా చెప్పను."

సైమి ఒక్క క్షణం ఆలోచించింది. ముందు నోరు తెరవనీ, తర్వాత స్టేషన్లో మళ్లీ చెప్పించవచ్చు అనుకుంది. లైటు ఆర్పింది.

"పదకొండు మంది," అంది ఇర్మా. "పొట్లాలు కట్టే పదకొండు మంది ఆడవాళ్లు. రిత్వాకి ముగ్గురు పిల్లలు. హెల్లీ మొగుడు మంచంలో ఉన్నాడు. ఒక్క వాయి సరిగ్గా వండి చూపిస్తే అందర్నీ ఇక్కడే, పాత పనిలోనే ఉంచుతానన్నాడు హేల్."

"పాకం కొలత వైనోకి తప్ప ఎవరికీ తెలీదంటారే?"

"ఫ్యాక్టరీ అమ్మాడు. పేరు అమ్మాడు. నవాసారం ఎప్పుడు, ఎంత వెయ్యాలో మాత్రం అమ్మలేదు. అది కాగితం మీద పెట్టలేదు, నాకూ చెప్పలేదు. ఇరవై ఆరేళ్లు పక్కన నిలబడ్డాను సైమీ. నాకు కళ్లు లేవనుకున్నాడా?"

"అరల్లోంచి పీకేసిన సరుకు మళ్లీ వాళ్లకెందుకు?"

"నేనూ అదే అడిగాను. ఆ హేల్ నవ్వాడు. తౌనో మన భాషలో చెప్పాడు. చేతికి అందినన్నాళ్లూ జనానికి విలువ తెలీదట. ముందు దొరక్కుండా చెయ్యాలట. దొరక్క ఏడవాలట. ఏడాది ఏడిచాక సగం పొట్లం చేసి ఇస్తే కళ్లకద్దుకుని కొంటారట." ఇర్మా ముక్కు తుడుచుకుంది. "మా చెల్లెలు చచ్చిపోయే ముందు ఒక్క బిళ్ల కావాలంది. ఊరంతా తిరిగాను. దొరకలేదు. అది వాళ్లకి ఏడుపుల లెక్కలో ఒకటి."

"అయినా వాళ్లకే వండావు."

"పదకొండు మంది సైమీ."

"సరే. వైనో ఎలా వచ్చాడు?"

"గాలి అటు ఉంది. వాసన ఆయనింటి దాకా పోయుంటుంది. పదకొండూ పదికి తలుపు తీశాడు. నన్ను చూశాడు. చేతిలో తెడ్డు చూశాడు. 'నువ్వా ఇర్మా' అన్నాడు. అంతే. గుండె పట్టుకుని పడిపోయాడు."

"గదిలో ఎవరెవరున్నారు?"

"నేను, హేల్, తౌనో."

సైమి పెన్ను కింద పెట్టింది. "తర్వాత?"

"పడ్డాక ఎలాగో ఫోన్ తీశాడు. ఒకటో రెండో ఏవో నొక్కాడు. అవతల ఎవరో హలో అన్నట్టు వినపడింది. తౌనో వంగి ఫోన్ లాక్కుని కట్టేశాడు. వైనో నోట్లోంచి మాట రాలేదు, తౌనో నోట్లోంచీ రాలేదు."

"నువ్వేం చేస్తున్నావు?"

"కలుపుతున్నాను."

"పిన్నీ!"

"చివరి గంట చెయ్యి ఆపకూడదు. నీకు తెలుసు. ఆపితే వాయి పోతుంది. తౌనో అడిగాడు, ఇంకెంతసేపని. ముప్పావుగంటన్నాను. 'అయితే ముందు ఇది కానియ్, తర్వాత చూద్దాం' అన్నాడు. హేల్ కిటికీ దగ్గర నిలబడి వాచీ చూసుకుంటున్నాడు."

"ఆయన నీ కాళ్ల దగ్గరున్నాడు."

"మూడడుగులు," అంది ఇర్మా, అదేదో తన తప్పు తగ్గించే దూరమన్నట్టు. "కళ్లు తెరిచే ఉన్నాడు. నా వైపే చూస్తున్నాడు. మధ్యలో ఒక్కసారి పెదాలు కదిలాయి. నేను వంగాను, కలుపుతూనే. 'అడుగంటుతోంది' అన్నాడు."

సైమి తలెత్తలేకపోయింది.

"నిజంగానే అడుగంటుతోంది సైమీ. నాకు తెలీలేదు, ఆ స్థితిలో ఆయనకి వాసన తెలిసింది. నేను అడుగు నుంచీ గట్టిగా కలిపాను. వాయి దక్కింది. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ కుదరలేదు." ఇర్మా అరచేతుల్ని ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. "బల్ల మీద పోశాం. హేల్ ఒక ముక్క కొరికాడు. ముఖం అదోలా పెట్టి రుమాల్లో ఉమ్మేశాడు. 'ఇంత దరిద్రంగా ఉందంటే కచ్చితంగా ఇదే' అన్నాడట. తౌనో చెప్పి నవ్వాడు. హేల్ నవ్వాడు. నేనూ నవ్వాను. భయంతోనో, ఎందుకో, నవ్వొచ్చింది. నవ్వుతూ వైనో వైపు తిరిగాను. అప్పటికి అయిపోయింది."

బయట వీధిలో ఒక కారు పోయిన చప్పుడు. కెటిల్ చల్లారిపోయింది.

"ఇదంతా స్టేషన్లో, రికార్డర్ ముందు చెబుతావా?"

"చెబుతాను," అంది ఇర్మా. "చెప్పకపోతే నిద్రపడుతుందా నాకు?"

సైమి వసారాలోకి వచ్చి అత్యవసర కేంద్రానికి ఫోన్ చేసింది. వైనో ఫోన్ నంబరు చెప్పి, ఇవాళ పదకొండూ పది తర్వాత ఆ నంబరు నుంచి కాల్ వచ్చిందేమో చూడమంది. అటువైపు ఉన్న అమ్మాయి ఒక నిమిషంలోనే వెతికి పట్టుకుంది.

"వచ్చింది మేడమ్. పదకొండూ పంతొమ్మిదికి. పదకొండు సెకన్లు. మాటల్లేవు. ఏదో గీకుతున్నట్టు శబ్దం, మూలుగు. చోటు తెలిసింది కాబట్టి అంబులెన్స్ పంపాం."

"పంపారా? మరి చేరలేదేం?"

అటువైపు కీబోర్డు టకటకలాడింది. తర్వాత ఆ అమ్మాయి గొంతులో మర్యాద కొంచెం తగ్గింది.

"పదకొండూ ఇరవై మూడుకి వెనక్కి పిలిపించారు కదా మేడమ్."

"ఎవరు?"

"పోలీసు టెక్స్ట్ సందేశం వచ్చింది. 'నేను ఇక్కడే ఉన్నాను, తాగిన మనిషి, అంబులెన్స్ అక్కర్లేదు' అని. అధికారి నంబరు, రహస్య సంకేతం రెండూ సరిపోయాయి." ఆగింది. "నంబరు మీదే మేడమ్. సైమి కివెల. గంట కిందటే మీ సూపరింటెండెంట్ గారు ఈ వివరాలన్నీ తీసుకున్నారు. మీకు చెప్పలేదా?"

సైమి ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడిపోయింది. ఆ సంకేతం తొమ్మిదేళ్ల కిందట ఆమె నేరవిభాగంలో చేరిన రోజున తౌనో ఒక చీటీ మీద రాసిచ్చాడు. మార్చుకొమ్మని ప్రతి ఏడాదీ ఉత్తరం వచ్చేది. ఆమె మార్చలేదు. పొద్దున పదకొండూ ఇరవై మూడుకి ఆమె చెరువు ఒడ్డున తన కొయ్య గుడిసె దగ్గర కట్టెలు కొడుతోంది. ఒంటరిగా. ఫోన్ కార్లో ఉంది.

గేటు ముందు రెండు కార్లు ఆగాయి. మొదటి దాంట్లోంచి సూపరింటెండెంట్ కాలెర్వో దిగాడు. పక్క సీట్లోంచి తౌనో దిగాడు. కాలెర్వో మెట్ల దాకా వచ్చి ఆగాడు. ఆయన ముఖంలో కోపం లేదు. కోపముంటే బాగుండేదనిపించింది సైమికి.

"నీ గుర్తింపు కార్డు ఇటివ్వు సైమీ. సేకరించినవన్నీ కూడా."

"సార్, లోపల సాక్షి ఉంది. ముందు ఆమె చెప్పేది వినండి. ఈయన పక్కన లేకుండా వినండి."

"విందాం," అన్నాడు కాలెర్వో.

ఇర్మా అప్పటికే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కాలెర్వో నోరు తెరిచేలోపే తౌనో పలకరించాడు, పక్కింటివాణ్ణి పలకరించినంత తేలిగ్గా.

"ఇర్మా, డైరెక్టర్ సంతకం పెట్టేశాడు. పదకొండు మందికీ. గురువారం నుంచి పనిలోకి రావచ్చు. కాగితం నా దగ్గరే ఉంది."

"తౌనో, నోర్ముయ్," అన్నాడు కాలెర్వో. కానీ ఆ మాట అప్పటికే చేరాల్సిన చోటికి చేరిపోయింది. "చెప్పమ్మా ఇర్మా. పొద్దున పదకొండూ ఇరవై ప్రాంతంలో ఫ్యాక్టరీ దగ్గర పోలీసులెవరైనా కనిపించారా?"

"పిన్నీ," అంది సైమి. "ఇందాక నాతో చెప్పింది చెప్పు. అంతే."

ఇర్మా చాలాసేపు నేలకేసి చూసింది. సైమి కళ్లలోకి మాత్రం చూడలేదు.

"కనిపించారు," అంది.

"ఎవరు?"

బొబ్బలెక్కిన చెయ్యి మెల్లగా పైకి లేచింది. చర్మం ఊడిన వేలొకటి తిన్నగా సైమి వైపు తిరిగింది.